అంటించని చీటీ

హిందూపురం,
15 జూన్ 2025.

గౌరవనీయులైన సంజీవప్ప సార్ గారికి,
నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను. పిల్లల కోసం బొమ్మలతో మీ జీవిత కథ రాసే పని నాకు అప్పగించారు. డిసెంబరుకు పుస్తకం బడులకు చేరాలి. మీకు ఎనభై మూడేళ్ళు. మీ సంగతి మీ నోటే వినాలి గాని, రేపు ఇంకెవరినో అడిగి రాసుకోవడం నాకు ఇష్టం లేదు. మాట కటువుగా ఉంటే మన్నించండి.

రెండుసార్లు పెనుకొండకు వచ్చాను. మొదటిసారి మీరు గేటు దగ్గరే "ఓట్ల లిస్టు రాసుకొని పోయినారు పోమ్మా" అని తలుపు వేసుకున్నారు. రెండోసారి మీ పక్కింటావిడ చెప్పింది: "ఆయప్పకు ఇనపడదు పాపా. ఫోనూ ఇనపడదు. పెద్దక్షరాలతో రాసి పంపు. రాసిందయితే ఇడిచిపెట్టడు." అందుకే ఈ పద్ధతి.

నా పేరు అశ్విని. ఇరవై ఎనిమిదేళ్ళు. హిందూపురంలో నాలుగో తరగతికి పాఠాలు చెప్తాను. మా ఊరు రామగిరి దగ్గర. మా ఇంట్లో చదువు నాతోనే మొదలు. నాయన వేలిముద్ర వేసేవాడు. ఇక్కడే ఒక షెడ్డులో వాచ్‌మన్‌గా పని చేసి, మూడేళ్ళ కిందట పోయాడు. ఊర్లో మారక్క అవ్వ ఉంది.

మీరు చేసిన మూడు పుస్తకాలూ నాకు తెలుసు. ఊర్ల పేర్ల పుస్తకం, చేతిపనుల మాటల పుస్తకం ఈ మధ్యే చదివాను. మేత మొక్కల పుస్తకం మాత్రం చిన్నప్పుడు ఒకసారి చూశాను.

మీ గురించి మా తరగతిలో చెప్పి ప్రశ్నలు రాసుకోమన్నాను. అభిషేక్ అనే పిల్లవాడు "మొక్కల పేర్లన్నీ ఫోన్లో ఉంటాయి గదా మిస్, ఈయప్ప ఎందుకు ఎండలో తిరిగినాడు?" అన్నాడు. వెన్నెల అనే పాప ఇంకొకటి అడిగింది: "మేము తప్పు రాస్తే మీరు దిద్దుతారు. ఆ సార్ తప్పు రాస్తే ఎవరు దిద్దుతారు మిస్?"

రెండూ మీకే రాస్తానని పిల్లలకు చెప్పాను. మీరు చెప్తారని ఆశ.

విధేయురాలు,
అశ్విని


పెనుకొండ,
26 జూన్.

చి. అశ్వినికి ఆశీస్సులు.

గేటు దగ్గర నేను చేసింది తప్పే. చేతిలో కాగితాలు చూసి ఓట్ల మనిషివి అనుకున్నాను. కాగితాలను చూసి పారిపోయే రోజు నాకూ వచ్చింది.

అభిషేక్‌కు చెప్పు. ఆ ఫోన్లో ఉన్న పేరు కూడా ఎవరో ఒకరు ఎండలో తిరిగి అడిగిందే. నేను అడిగి రాసుకొనేవాణ్ణి, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పని చేశాను. శని, ఆదివారాలు గొర్రెల కాపరుల వెంట నడిచేవాణ్ణి. పిల్లల పాత పరీక్ష కాగితాలను నాలుగు ముక్కలు చేసి, వెనకవైపు రాసేవాణ్ణి. ఒక చీటీకి ఒక మొక్క. దాని పేరు, అగళి వైపు కన్నడంలో ఏమంటారు, ఏ జీవాలు తింటాయి, ఏవి తినకూడదు, నాకు చెప్పింది ఎవరు. బిస్కెట్ డబ్బాల నిండా చీటీలే ఉండేవి.

పటాలు గీసింది నా భార్య నాగమ్మ. ఆమె చదువు ఐదో తరగతి. మొక్క ముందర గొంతుక్కూర్చుంటే రెండు గంటలు లేచేది కాదు. నేను తొందరపెడితే కసిరేది. "నీ పేరు యాడికీ పోదు, ఇంటికి పోయి రాసుకో. ఆకు వాడిపోతాది. గమ్మునుండు."

వెన్నెలకు నా జవాబు ఇది. నేను తప్పు చేశాను. దిద్దడానికి ఇరవై ఒక్క ఏళ్ళుగా తిరుగుతున్నాను. ఇంకా అయిపోలేదు.

2004లో మొక్కల పుస్తకం ధర్మవరంలో అచ్చయింది. పేజీలు కూర్చేటప్పుడు రెండు పటాలు తారుమారయ్యాయి. డెబ్బై నాలుగో పేజీలో మేతకు పనికివచ్చే తీగ గురించి ఉంది. నూట ముప్పై ఒకటో పేజీలో అలాంటిదే, గొర్రెలను చంపే తీగ గురించి ఉంది. ఒకదాని పటం ఇంకొకదాని పైకి పోయింది. నేను చూసుకోలేదు. ఆ పటం నమ్మి ఒకాయన చంపే తీగను తన మందకు మేపాడు.

ఈ సంగతి నీ పుస్తకంలో ఒక పేజీ ఉండాలి. ఉంటే ఏమడిగినా చెప్తాను. లేకపోతే నా కథ రాయవద్దు.

ఇంకొక మాట. చిన్నప్పుడు ఒకసారి చూశానన్నావు. ఎక్కడ? ఐదువందల ప్రతులు వేయించాను. ఏది ఎవరింట్లో ఉందో నా దగ్గర రాసి ఉంది. రామగిరి దిక్కు ఏ లైబ్రరీకీ నేను ఇవ్వలేదు.

ఇట్లు,
సంజీవప్ప


హిందూపురం,
12 జూలై.

సంజీవప్ప సార్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం తరగతిలో సగం దాకా చదివి వినిపించాను. నాగమ్మ గారు "గమ్మునుండు" అన్నచోట పిల్లలంతా ఒకటే నవ్వు. ఆ రోజంతా ఒకరినొకరు గమ్మునుండు, గమ్మునుండు అనుకుంటూనే ఉన్నారు.

మన పుస్తకానికి బొమ్మలు వేసేది ధర్మవరంలో చీరల డిజైన్లు వేసే చంద్రశేఖర్ గారు. మీరు ఉత్తరంతో పంపిన నాగమ్మ గారి పటాల జిరాక్సులు చూపించాను. "ఈ ఆకు చూస్తాంటే నా కంప్యూటర్ మూసిపెట్టి మల్లా పెన్సిలు పట్టుకోవాలనిపిస్తాంది మేడమ్" అన్నారు. బిస్కెట్ డబ్బాల బొమ్మ అప్పుడే వేసేశారు. మీరు కాపరుల వెంట నడిచే బొమ్మ కూడా అయింది. మీకు మీసం ఉండేదా? ఉందనుకొని వేశారు.

ఆ పేజీ గురించి సంపాదకులు జయప్రకాష్ గారితో మాట్లాడాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎనిమిదేళ్ళ పిల్లోళ్ళకు చచ్చిన గొర్రెల బొమ్మ చూపిస్తామా అమ్మా? పైగా అంత పెద్ద మనిషిని చిన్న చేసినట్టుంటాది" అన్నారు.

సార్, నాకూ అదే సరి అనిపిస్తున్నది. ఎప్పుడో జరిగిపోయింది. ఎవరి గొర్రెలో, ఏ మేత తిని పోయాయో ఖాయంగా ఎవరు చెప్పగలరు? ఆ సంవత్సరం కరువు, రోగాలు కూడా ఎక్కువే. దానికి బదులు మీరు కొండ మీద తేనెపట్టు కింద ఇరుక్కున్న సంగతి వేద్దాం. మీ పక్కింటావిడ చెప్పింది.

పుస్తకం ఎక్కడ చూశానో గుర్తు లేదు. ఎవరింట్లోనో అయి ఉంటుంది.

మీ అనుమతి కోసం చూస్తుంటాను.

అశ్విని


పెనుకొండ,
25 జూలై.

చి. అశ్వినికి ఆశీస్సులు.

నాకు మీసం లేదు. తీసేయమను.

ఆ సంవత్సరం కరువు, రోగాలు ఎక్కువ అని రాశావు. అప్పటికి నీకు ఏడేళ్ళు. బాగా గుర్తుపెట్టుకున్నావు.

చిన్న చేసినట్టు ఉంటుందన్న పెద్దమనిషికి ఇది చదివి వినిపించు.

2004 ఆగస్టులో పెనుకొండ బస్టాండు దగ్గర టీ అంగడి తిరుపాల్ నన్ను పిలిచాడు. నా పుస్తకాలు కొన్ని అతని అంగడిలో పెట్టి అమ్మేవాణ్ణి. "ఏం సార్, నీ పుస్తకం చూసి మేపితే మందకు మంద పడిపాయనంట గదా. రామగిరి దిక్కు ఆయనంట. నిజమేనా?" అన్నాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. పటాలు చూడడం అదే మొదటిసారి. అచ్చుకు ముందు నాలుగుసార్లు చదివాను అశ్వినీ. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పటాలు ఒక్కసారి కూడా చూడలేదు.

రెండు పటాలూ సరైన పేర్లతో ఒకే చీటీ మీద అచ్చువేయించి, డెబ్బై నాలుగో పేజీలోని పటం మీద అతికేలా ప్రతికొక చీటీ కత్తిరించాను. మైదా గంజి డబ్బా, కుంచె సంచిలో వేసుకొని ఇల్లిల్లూ తిరిగాను. ఓబులదేవరచెరువులో ఒకావిడ పుస్తకాన్ని పాలకుండ మీద మూతగా పెట్టుకుంది. "అది తీస్తే పిల్లి తాగుతాది, బిరీన అంటించి ఇయ్యి సారూ" అంది. తొమ్మిదేళ్ళు పట్టింది. నాలుగువందల తొంభై తొమ్మిది ప్రతులకు అంటించాను.

మిగిలింది రెండు వందల పన్నెండో ప్రతి. అమ్మినవాడు తిరుపాల్. అతను చెప్పింది చెప్పినట్టే నా రిజిస్టరులో రాసుకున్నాను. "రామగిరి దిక్కు గొర్రెలాయన. చదవడం రాదు. నాకు రాకుంటే ఏమి, నా బిడ్డ చదువుతాది అని కొనుక్కుపోయినాడు."

ఆ దిక్కు పదకొండు ఊర్లు తిరిగాను. మా మంద పోయిందని ఎవరూ అనలేదు. ఒక ఊర్లో ఒకాయన ఇంటి ముందర కంపతో కట్టిన పెద్ద గొర్రెల రొప్పం ఉంది. లోపల ఆరు జీవాలు. యాభైకి కట్టిన రొప్పంలో ఆరు. పుస్తకం సంగతి అడిగాను. ఆయన నా ముఖం చూడలేదు. "రోగమొచ్చి పాయె సార్. పుస్తకమా? మా ఇంట్లో చదివేవాళ్ళు యాడుండారు?" అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. తాగుతూ చూస్తే, తలుపు సందులో ఒక పాప నిలబడి ఉంది. చేతిలో పలక.

ఆయన అబద్ధం చెప్పాడని నాకు తెలుసు. ఎందుకు చెప్పాడో ఇప్పటికీ తెలియదు. నన్ను తిట్టి ఉంటే, కొట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఆ ప్రతికి అంటించవలసిన చీటీ నా కళ్ళజోడు పెట్టెలో ఉంది. రోజూ పొద్దున కళ్ళజోడు తీసేటప్పుడు అదే ముందు కనిపిస్తుంది. తేనెపట్టు సంగతి వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ పేజీ లేకపోతే పుస్తకం వద్దు.

సంజీవప్ప


హిందూపురం,
20 ఆగస్టు.

సంజీవప్ప సార్ గారికి నమస్కారాలు.

ఆలస్యానికి మన్నించండి. బడిలో పరీక్షలు, జెండా పండుగ పనులు. మధ్యలో నాకు ఒంట్లో బాగలేదు.

ఇరవై నాలుగు పేజీల రచన ఇందులో పెట్టాను. మీసం తీయించాను. మీరు అడిగిన పేజీ ఇందులో లేదు. జయప్రకాష్ గారు ఇంకా ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

పేర్లు, సంవత్సరాలు సరిచూసి పంపితే చాలు.

ఒక్క మాట అడగాలి. ఆ ఇంటి దగ్గర ఆ పాప మీతో ఏమైనా చెప్పిందా?

అశ్విని


ధర్మవరం,
9 సెప్టెంబరు.

చి. అశ్వినికి ఆశీస్సులు.

ఊరి పేరు మారిందని చూస్తున్నావేమో. స్నానాల గదిలో జారి పడ్డాను. నా కూతురు శ్రీదేవి వచ్చి ఇక్కడ తన ఇంటికి తెచ్చుకుంది. తుంటి ఎముక విరిగింది. డబ్బాలన్నీ పెనుకొండలోనే ఉన్నాయి. కళ్ళజోడు పెట్టె మాత్రం నాతో వచ్చింది. పడుకొని రాయడం వల్ల అక్షరాలు అటూ ఇటూ పోతాయి. ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను.

నీ రచన చదివాను. బాగా రాశావు. పిల్లలకు నచ్చుతుంది. అందులో చాలా మంచివాడు ఒకడు ఉన్నాడు. ఆయనను నేనెప్పుడూ కలవలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ పాప ఏమీ చెప్పలేదు. నేను చూసేసరికి పలకను వీపు వెనక దాచుకుంది. బడి పిల్లలను ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి. లెక్క తప్పు చేసిన పిల్లలు పలకను అలాగే దాస్తారు. ఆ రోజు నేను అది ఆలోచించలేదు. నా తప్పు తప్ప ఇంకేదీ నాకు అప్పుడు కనబడలేదు.

నీకు ఇదివరకు రాయనిది ఒకటి ఉంది. పటాలు ఎందుకు చూడలేదని నువ్వు అడగలేదు. ఎవరూ అడగలేదు. మా ఇద్దరి పద్ధతి ఒకటుండేది. అక్షరాలు నేను చూడాలి, పటాలు నాగమ్మ చూడాలి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అచ్చు కాగితాలు ఇంటికి వచ్చేనాటికి ఆమె పోయి పదహారు రోజులు. ఆ గీతలు చూస్తే ఆమె చేయి కనిపించేది. అందుకే ప్రతి పేజీలో పటం మీద అట్టముక్క పెట్టుకొని, కింది అక్షరాలు మాత్రం చదివాను. నాలుగుసార్లూ అలాగే. ఆ అట్టముక్క తీసి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. ఆ మొక్కలు నాకు తెలియనివి కావు.

ఈ సంగతి శ్రీదేవికి కూడా తెలియదు. నీ పుస్తకంలో వేసినా సరే.

ఆ పాపకు ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. బాగా చదువుకొని ఉంటుందని అనుకుంటూ ఉంటాను. ఆ చేతిలో పలక అలా ఉండింది.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు అశ్వినీ.

సంజీవప్ప


ధర్మవరం,
24 అక్టోబరు.

అశ్వినికి,

నేను శ్రీదేవిని, సంజీవప్ప గారి కూతురిని. నాయన ఇప్పుడు రాయలేడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మనుషులను గుర్తుపడతాడు. పెద్దగా రాసి కంటికి దగ్గరగా పట్టుకుంటే చదువుకుంటాడు. రోజూ మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చినాడా అని చేత్తో సైగ చేస్తాడు. నెలన్నర నుంచి లేదని చెప్తూనే ఉన్నాను.

మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు. రాసేది ఏమైనా ఉంటే త్వరగా రాయి తల్లీ.

శ్రీదేవి


హిందూపురం,
5 నవంబరు.

సంజీవప్ప సార్ గారికి,

రెండు వందల పన్నెండో ప్రతి మా ఇంట్లో ఉంది.

జూన్‌లోనే ఈ మాట రాయవలసింది. నిజానికి దీని కోసమే మీ కథ రాసే పని అడిగి తీసుకున్నాను. తీరా మీరే ఆ సంగతి ఎత్తేసరికి భయపడ్డాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, కాగితాలు ఎక్కువయ్యాయి. మెల్లగా చదవండి.

అది నేను ఒకటో తరగతి ముగించిన ఎండాకాలం. మా దిక్కు గడ్డిపోచ లేదు. నాయన మందను అగళి దాటించి కన్నడ సీమ చెరువుల వైపు తోలుకుపోయాడు. సెలవులని నన్నూ తీసుకుపోయాడు. మా మెట్ట మొక్కలన్నీ నాయనకు తెలుసు. ఆ చెరువుల కింది పచ్చిక తెలియదు. మీ పుస్తకం కొన్నది అందుకే. తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకొని నడిచేవాడు.

ఒక చెరువు వెనక ఏదో తీగ చాప పరిచినట్టు ఉంది. జీవాలు ఎగబడ్డాయి. నాయన వాటిని అడ్డగించి నిలబెట్టి, పుస్తకం ఒక్కొక్క పేజీ తిప్పి, ఆ ఆకు పటం కనిపెట్టాడు. తీగ తుంచి పక్కన పెట్టి చూశాడు. అదే ఆకు. నన్ను పిలిచి "ఏమని రాసిండారో చదువు పాపా" అన్నాడు. దారిలో మాతో కలిసిన పెనుకొండ దిక్కు గంగప్ప మామ నవ్వాడు. "ఏమప్పా, ఒక సమచ్చరం బడికి పోతానే నీ బిడ్డ కలెక్టరయిపోయిందా?" నాయన అన్నాడు: "నా బిడ్డ చదువుతాది. చూస్తాండు."

పటం కింద మూడు వరుసలు ఉన్నాయి. నాకు అప్పటికి గుణింతాలే వచ్చు, ఒత్తులు రావు. వేలు పెట్టి వెతికితే రెండే మాటలు దొరికాయి. మంచి. మేత. ఆ రెండింటికీ ఒత్తులు లేవు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మిగతా వరుసల మీద వేలు జరిపాను. చదువుతున్నట్టు పెదవులు కదిపాను. "మంచి మేత అనుండాది నాయనా. మేపొచ్చంట" అన్నాను.

మూడో వరుసలో మీరు రాసింది ఇది. కాడ ఎర్రగా ఉన్నది వేరే తీగ, దానిని గొర్రెలు తింటే బతకవు. నా కాళ్ళ కింద కాడలన్నీ ఎర్రగానే ఉన్నాయి సార్. పటం తప్పయినా మీ అక్షరం సరిగానే ఉంది. నేను చదవలేదు.

గంగప్ప మామ తన మందను అవతలి గట్టుకే ఉంచుకున్నాడు. మావి నలభై మూడు. సాయంత్రానికి ఆరు మిగిలాయి. వాటితో మూడు రోజులు నడిచి ఊరికి వచ్చాం. నాయన నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడు, చంకలో పుస్తకం. దారిలో ఒక్క మాటే చెప్పాడు. "ఎవరడిగినా రోగమని చెప్పు పాపా." ఆయన పుస్తకాన్ని నమ్మి మోసపోయాననుకుంటున్నాడని నేను అనుకున్నాను. నేను చదవలేదని ఆయనకు తెలియదనే అనుకున్నాను. ఆయన చనిపోయేరోజు కూడా చెప్పలేకపోయాను.

శ్రీదేవి అక్క ఉత్తరం వచ్చాక మొన్న ఆదివారం ఊరికి పోయాను. అవ్వ గడపలో కూర్చొని అలసందలు వలుస్తున్నది.

"నాయన పుస్తకం యాడుండాది అవ్వా?"

అవ్వ చేతులు ఆగాయి. "ఇన్నాళ్ళకు అడుగుతాండావా" అని లేచి పెట్టె తెరిచింది. నాయన కంబళి ముక్కలో చుట్టి ఉంది. "పాప అడిగితేనే ఇయ్యి, నీ అంతట నువ్వు తియ్యొద్దు అని చెప్పి సచ్చినాడు మీ నాయన."

"ఎందుకట్ల?"

"ఎందుకేంది? మీ నాయనకు అప్పుడే తెలుసు. వచ్చిన వారానికే బడి అయ్యోరి కాడికి పోయి ఆ కాగితం చదివించుకోనొచ్చినాడు. ఇదో, ఈ గడప మీదే కూలబడినాడు. ఏమప్పా అంటే, 'సగం చదువొచ్చిన బిడ్డ చేతికి మంద ప్రాణమంతా నేనే ఇస్తి గదమ్మా. బిడ్డ తప్పేముండాది? ఊర్లో తెలిస్తే, ఆడబిడ్డ చదివింది, జీవాలు సచ్చినాయి అంటారు. ఇంక దీన్ని బడికి పంపనియ్యరు. రోగమనే చెప్పల్ల' అన్నాడు. ఆ ఆరూ అమ్మి నిన్ను హాస్టల్లో ఏసినాడు."

నేను ఏడుస్తుంటే అవ్వ గసిరింది. "ఏడ్సొద్దు. ఆ సార్ వచ్చిన దినం మేము ఏడ్సాల్సింది. మొగం ఎర్రగా కందిపోయి ఎండన పడి వచ్చినాడు పాపం. తప్పు నాది అని రెండు చేతులూ ఎత్తి మొక్కినాడు మీ నాయనకు. మజ్జిగిచ్చి, అబద్ధం చెప్పి పంపిస్తిమి."

మీరు చేతులెత్తి మొక్కిన సంగతి నాకు రాయలేదు సార్.

నాయన మీతో అబద్ధం ఎందుకు చెప్పాడో తెలియదని మీరు రాశారు. నా చదువు కోసం చెప్పాడు. మీరు తొమ్మిదేళ్ళు ఎండలో తిరిగింది, నిద్ర పోగొట్టుకున్నది కూడా దాని కిందికే వస్తుంది. ఈ సంగతి వినకముందు కూడా మీకు ఏమి చెప్పుకోవాలో తెలియకే రెండు నెలలు రాయలేదు. ఇప్పుడూ తెలియదు.

జయప్రకాష్ గారికి అంతా ఫోనులో చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. తర్వాత "గొర్రెల బొమ్మ వద్దమ్మా. ఖాళీ రొప్పం వేయిద్దాం. ఆ పాపను వేయిద్దాం" అన్నారు. చంద్రశేఖర్ గారు వేశారు. దాని కింద నేను రాసింది ఇది:

"సంజీవప్ప సార్ కొన్ని బొమ్మలు చూడలేదు. వాటిని చూస్తే ఆయనకు ఏడుపు వచ్చేది. ఒక పాప కొన్ని వరుసలు చదవలేదు. చదవడం రాదని చెప్పడానికి ఆ పాపకు సిగ్గేసింది. ముప్పై ఏడు గొర్రెలు చచ్చిపోయాయి. సార్ అందరి ఇళ్ళకూ నడిచి వెళ్ళి తన తప్పు దిద్దుకున్నారు. ఒక్క ఇల్లు మిగిలింది."

నిన్న తరగతిలో చదివాను. ఎవరూ నవ్వలేదు. వెన్నెల చేయి ఎత్తింది. "ఆ ఇల్లు యాడుండాది మిస్?" అంది. రేపు చెప్తానన్నాను.

ఈసారి అచ్చు కాగితాలు రెండుసార్లు చూశాను. ఒకసారి అక్షరాలు, ఒకసారి బొమ్మలు.

పుస్తకమే మీకు పంపవచ్చు. కానీ నాయన దాన్ని ఇల్లు దాటనివ్వలేదు, అవ్వ కూడా ఇవ్వనంటున్నది. అందుకని మీరే ఆ చీటీ పంపండి. గంజి కాచి, అవ్వ ముందర కూర్చొని నేను అంటిస్తాను. అంటించిన పేజీ ఫోటో మన పుస్తకంలో చివరి బొమ్మగా వస్తుంది. దాని కోసం ఒక పేజీ ఖాళీగా ఉంచాం. ఇరవై ఐదున పుస్తకం ప్రెస్సుకు పోతుంది.

స్టాంపు అంటించి, నా చిరునామా రాసిన కవరు ఇందులో పెట్టాను. మీరు ఏమీ రాయనక్కరలేదు. నన్ను ఒక మాట అనాలనిపిస్తే అక్కతో రాయించండి, పడతాను. లేదంటే కళ్ళజోడు పెట్టెలోని చీటీ ఒక్కటి ఆ కవరులో వేయించండి సార్. నవంబరు ఇరవై లోపల నాకు చేరాలి.

మీరు తలుపు సందులో చూసిన పాప,
అశ్విని